పిట్ట ఉపవాసం

యాకుత్‌పురా స్టేషన్ వెనక మూడో గల్లీ.
పైన వాళ్ళు, కింద మేము.
మెట్లకు మాత్రం ఎవరూ కిరాయి కట్టరు,
అందుకే పిల్లలిద్దరి కాపురం అక్కడే.

ఆ రోజు మెహరీన్‌కి చిడియా రోజా.
పిట్ట ఉపవాసం అన్నమాట,
ఆరేళ్ళ పొట్టకు సరిపడా
మధ్యాహ్నం అజాన్ దాకా.
అంతకు మించి పిట్ట ఎగరలేదని పెద్దవాళ్ళకు తెలుసు.
ఈ పిల్ల వినలేదు.
"సైరన్ దాకా" అంది.
వాళ్ళమ్మ పళ్ళెం పట్టుకొని రెండుసార్లు దిగి
రెండుసార్లు అట్లాగే ఎక్కింది.

మా ఉజ్వలకు ఐదు.
దానికి రోజా తెలియదు, దోస్తు తెలుసు.
పిడికిట్లో నారింజ తొన బిళ్ళ ఒకటి,
చక్కెర అద్దిన రకం, సీసాలో అడుగున మిగిలింది.
"నేను గూడ ఆగుత" అంది.

చీరకు ఫాల్ కుడుతూ ఓరగా చూస్తున్నా.
ముందు వాసన చూసింది.
తర్వాత వేలికంటిన చక్కెర నాకి, ఉలిక్కిపడి
"నాకితే పోతదా?" అనడిగింది.
మెహరీన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని
ఏ ముఫ్తీ ఆలోచించనంత సేపు ఆలోచించింది.
"మర్చిపోయి నాకితే పోదు."
ఆ తీర్పు తర్వాత మా పిల్ల
నాలుగుసార్లు మర్చిపోయింది.

ఇక లాభం లేదని
బిళ్ళను నా జాకెట్ ముక్కల మీద పడుకోబెట్టారు.
పైన ఆకుపచ్చ పేలిక కప్పారు.
"పండుకో బంగారం, ఇంక టైం కాలె"
అని జోకొట్టారు ఇద్దరూ.
అది చూడకుండా వీపు తిప్పుకొని
గల్లీలో పోయే ఆటోలు లెక్కపెట్టారు.
పదకొండు తర్వాత మా దానికి అంకెలు రావు,
మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఐదింటికి దాని పెదవి వణికింది.
"తినెయ్ బిడ్డా, రేపు ఇంకోటి కొనిస్త" అన్నాను.
అది నా మొహం చూసింది.
"నువ్ రేపంటవ్. రేపు రాదు."

మిషన్ చక్రం చేత్తో ఆపాను.
చిన్న సైకిలు, చీటీ డబ్బులు రాగానే.
జూపార్కు, వచ్చే ఆదివారం.
ఆ ఆదివారం నేను కుట్టిన బ్లౌజులు తొమ్మిది.
చీటీ సంగతి ఇంకా అన్యాయం:
ఇంకో ఎనిమిది నెలలు ఓపిక పడితే మొత్తం చేతికొచ్చేది,
ఆగలేక నష్టానికి పాడి ఫ్రిజ్ తెచ్చాను.
అందులో ఇప్పుడు నీళ్ళ సీసాలున్నాయి, చల్లగా.

సైరన్ అట్లా కాదు.
నిన్న మోగింది. మొన్న మోగింది.
పైవాళ్ళ తలుపు మీద అంటించిన కాగితంలో
నిమిషంతో సహా రాసి ఉంది.
మా పిల్లకు చదువు రాదు,
అయినా ఆ కాగితాన్ని నమ్మింది.
దానికి ఓపిక లేదని
అంగన్‌వాడీ టీచర్ దగ్గర నేను ఎన్నిసార్లు అన్నానో.

మోగింది.

పేలిక తీస్తే, చీమలు.
ఎంత బారు! బిళ్ళ కనబడటం లేదు.
చీమలకు సైరన్ ఎవరు చెప్పాలి?
ఏడుస్తుందని లేవబోయాను.
అంతలో మెహరీన్, తన నోటి దాకా వెళ్ళిన ఖర్జూరాన్ని
పళ్ళతో రెండు చేసి,
గింజ ఉన్న సగం దీనికిచ్చింది.
పొద్దుటి నుంచి ఏమీ తినని పిల్ల.
దానికి పెద్ద ముక్క ఏదో తెలియదనుకోను.

రాత్రి పక్క మీద ఉజ్వల అడిగింది,
"అమ్మా, రేపంటే ఎన్ని గంటలకు?"
కుట్టాల్సిన చీరలు లెక్కేసుకొని,
షాపు మూసే టైము గుర్తు చేసుకొని
"ఆరుంబావుకు" అన్నాను.
"ఆరుంబావు" అని తనలో తాను చెప్పుకుంది.
ఖర్జూరం గింజ ఇంకా దాని బుగ్గలోనే ఉంది.